వెయ్యి ప్రతుల వ్యామోహం

పుస్తకం అచ్చువేస్తున్నానని చెప్పగానే మన ప్రాంతంలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని ప్రతులు?" అని. విషయమేమిటో, ఎన్నేళ్ళు శ్రమించారో, ప్రూఫులు దిద్దిందెవరో అడిగేవారు అరుదు. మూడువందలంటే జాలిపడతారు, వెయ్యి అంటే మెచ్చుకుంటారు. స్వంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితను ముంచుతున్నది ఈ మెచ్చుకోలే. ఇది అల్పవిషయమని నేననుకోను. దీనివల్ల మన ప్రాంతానికి కలుగుతున్న నష్టం పెద్దది.

మనవైపు పుస్తకాలు వేసుకునేవారెవరు? ఎక్కువమంది పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు, చిన్న ఉద్యోగులు, అర్చకులు, ఒకరిద్దరు వ్యవసాయదారులు. వారివద్ద ఉన్నది పింఛను సొమ్ము, లేదా కూతురి పెండ్లి అయ్యాక మిగిలిన కొద్దిపాటి డబ్బు. వారు వ్రాసేది ఊళ్ళ పేర్ల పుట్టుపూర్వోత్తరాలు, చెరువుల చరిత్ర, శతకాలు, స్థానిక దేవతల కథలు. అమరచింత మగ్గాల దగ్గర వినిపించే పనిమాటలను ఏరి కూర్చగలిగినవాడు హైదరాబాదులో దొరకడు, ఇక్కడే దొరుకుతాడు. అట్టివాడు ఉన్న డబ్బంతా మొదటి పుస్తకం మీదనే పోసి, కట్టలను మంచం క్రిందికి తోసి, రెండవ పుస్తకం ఊసెత్తకుండా ఊరుకుంటే నష్టపోయేది అతడొక్కడేనా?

వెయ్యి ప్రతులవారి వాదం ఒక్కటే: "ఎక్కువ వేస్తే ఒక్కొక్క ప్రతి చవకగా పడుతుంది." ఇది అబద్ధం కాదు, అర్ధసత్యం. ఆఫ్‌సెట్ ముద్రణలో అక్షరకూర్పు, ప్లేట్లు, యంత్రాన్ని సిద్ధంచేయడం అనే ఖర్చులు వందకైనా వెయ్యికైనా ఒక్కటే. అందుచేత ప్రతులు పెరిగేకొద్దీ ఆ భారం పలుచబడుతుంది. లెక్కకోసం అంకెలు వేసుకుందాం. మూడువందలు వేస్తే ప్రతికి 80 రూపాయలు, వెయ్యి వేస్తే 45 రూపాయలు పడిందనుకోండి. మొదటిదానికి 24,000, రెండవదానికి 45,000 అవుతుంది. ప్రతికి 35 రూపాయలు ఆదా చేశానని సంతోషించినవాడు నిజానికి 21,000 రూపాయలు అదనంగా వెచ్చించాడు. ఇప్పుడు రెండు సందర్భాలలోనూ 250 ప్రతులే పాఠకులకు చేరాయనుకుందాం. మొదటివానికి చేరిన ప్రతి ఒక్కంటికి 96 రూపాయలు, రెండవవానికి 180 రూపాయలు పడ్డది. చవక ఎవరిది? ఖర్చును అచ్చయిన ప్రతులతో భాగిస్తే ముద్రాపకుని లెక్క తేలుతుంది. చేరిన ప్రతులతో భాగిస్తేనే రచయిత లెక్క తేలుతుంది.

కాగితం లెక్క కూడా ప్రతి రచయితకూ తెలిసి ఉండాలి. డెమ్మీ 1/8 పరిమాణంలో ఒక ఫారానికి 16 పుటలు. 128 పుటల పుస్తకానికి ఎనిమిది ఫారాలు, అనగా ఒక ప్రతికి ఎనిమిది డెమ్మీ షీట్లు. మూడువందల ప్రతులకు 2,400 షీట్లు, సుమారు ఐదు రీములు. వెయ్యికి పదహారు రీములు, తరుగు వేరే. ఈ మాత్రం తెలిసినవాడు కొటేషను చూసి ప్రశ్న అడగగలడు. తెలియనివాడు తల ఊపుతాడు. పైగా డిజిటల్ ముద్రణకు ప్లేట్ల బెడద లేదు. వంద ప్రతులు వేయించి, అవి చెల్లాక మరొక వంద వేయించవచ్చు. మొదటి వందలో దొరికిన తప్పులు రెండవ వందలో దిద్దుకోవచ్చు. వెయ్యి వేసినవాడు వెయ్యి తప్పుల పట్టికలు కూడా వేయించుకోవాలి.

తప్పుల మాట వచ్చింది గనుక చెబుతాను. మన ప్రాంతపు పుస్తకాలలో సిగ్గుపడవలసిన విషయం అచ్చుతప్పులే. రచయిత యూనికోడులో టైపు చేసి పంపుతాడు. డీటీపీ చేసేవారు దానిని అను ఖతులలోకి మారుస్తారు. ఆ మార్పిడిలో ఒత్తులు జారుతాయి, పొల్లులు తారుమారవుతాయి. కవిరాజు కపిరాజవుతాడు, పద్యం పదమై మిగులుతుంది. ఛందస్సు తెలిసినవాని చేత ఒక్కసారైనా ప్రూఫులు చూపించని శతకాన్ని వెయ్యి ప్రతులు వేయడమంటే గణభంగాన్ని వెయ్యింతలు చేయడమే. అసలు ఆ మార్పిడి ఎందుకు? నేడు సురవరం, మండలి, పెద్దన వంటి యూనికోడు ఖతులు ఉచితంగా లభిస్తున్నాయి. యూనికోడులోనే పుటలు కూర్చి ఇవ్వగలిగినవారిని వెదకండి. మిగిల్చిన 21,000 రూపాయలలో కొంత, చదువుకున్న ఒక ప్రూఫ్‌రీడరుకు గౌరవంగా చెల్లించండి. ఉచితంగా దిద్దిపెట్టమని పండితులను బ్రతిమాలడం మానండి.

ఐఎస్‌బీఎన్ పేరిట జరిగే వ్యాపారం మరొకటి. ఆ సంఖ్యను మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఇస్తుంది. రచయిత స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు, రుసుము లేదు. ఉచితమైన ఆ అంకెలకు వేలు వసూలుచేసే మధ్యవర్తులున్నారు. నన్నూ ఒకరు అడిగారు. ఆ అంకెలలో సాహిత్యవిలువ ఏమీ లేదు, అది పుస్తకానికి గుర్తింపుసంఖ్య మాత్రమే.

ఇక ఆవిష్కరణ సభ. హాలు అద్దె, ఫ్లెక్సీలు, శాలువాలు, జ్ఞాపికలు, భోజనాలు. ముద్రణకు అయినంత ఖర్చు ఇక్కడా అవుతుంది. వేదికమీద పదిమంది, ఎదుట నలభైమంది. ఆ నలభైమందికీ ప్రతులు ఉచితం. వక్తలలో సగంమంది ముందుమాట మాత్రమే చదివి వస్తారు. ఇల్లలకగానే పండుగ కాదని మన పెద్దలన్నారు. మనం ఇల్లు అలికి, అలికినందుకే ఊరందరికీ భోజనాలు పెడుతున్నాం. సభ వద్దని నేననను. బడి ఆవరణలో సభ పెట్టి, టీ ఇచ్చి, పుస్తకాన్ని తగ్గింపు ధరకైనా సరే అమ్మండి. యాభై రూపాయలిచ్చి కొన్నవాడు ఇంటికి వెళ్ళి తెరిచి చూస్తాడు. ఊరకే వచ్చినదానిని తెరవాలన్న తొందర ఎవరికీ ఉండదు.

"గ్రంథాలయాలు కొంటాయి కదా, అందుకే వెయ్యి" అనే మిత్రులున్నారు. ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నాం. ఆ సొమ్ముతో స్థానిక రచయితల పుస్తకాలు ఏటేటా క్రమంగా కొనాలని అడగడం మన హక్కు, గట్టిగా అడుగుదాం. కాని రాని ఆర్డరును నమ్ముకొని ముందే ప్రతులు పేర్చుకోవడం వివేకం కాదు. ఆర్డరు వచ్చిననాడు మరల అచ్చువేయడానికి నెల చాలు.

స్వంత డబ్బుతో వేసుకున్న పుస్తకం పుస్తకమేనా అని పెదవి విరిచేవారికి కూడా ఒక మాట. ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధానియైన ఈ ఆత్మకూరుకు తిరుపతి వేంకటకవులంతటివారు వచ్చి సన్మానాలందుకొన్నారు. నాడు కవికి ప్రభువు అండ. ఆ అండ పోయిన తరువాత గ్రంథాన్ని మోసినవారెవరు? నల్లగొండ జిల్లాలో పుట్టి, ఇళ్ళలో వంటపనిచేసి, గోలకొండ పత్రికలో ప్రూఫ్‌రీడరుగా పనిచేసిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల నెలకొల్పారు. పుస్తకాలను మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. ఆయనకు ప్రచురణ అంటే నడక. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. నేటికీ మనం తలచుకునే సంఖ్య అందులోని 354 మంది కవులది. ఎన్ని ప్రతులు వేశారని అడిగినవారిని నేను చూడలేదు.

నేడు ఆళ్వారుస్వామిగారివలె నెత్తిన మోయనక్కరలేదు. తపాలాశాఖ 2024 డిసెంబరులో పాత రిజిస్టర్డు బుక్‌పోస్టును ఎత్తివేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలందరం నొచ్చుకున్నాం. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. ప్రారంభించినప్పుడు 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్నులు వేరే. పైన చెప్పిన 128 పుటల పుస్తకం 70 జీఎస్ఎం కాగితం మీద అట్టతో కలిపి 170 గ్రాములు దాటదు. అమ్మకపు స్థలాలూ మన చుట్టూనే ఉన్నాయి. కార్తీకమాసంలో కురుమూర్తి జాతరకు స్వామివారి ఆభరణాలు మన ఆత్మకూరునుంచే ఊరేగింపుగా వెళ్తాయి. ఆ జాతరలో గాజుల దుకాణాలు, మిఠాయి దుకాణాలు వందలుంటాయి. కురుమూర్తి కథ వ్రాసిన రచయిత అక్కడ ఒక గోనెపట్టా పరచుకొని కూర్చుంటే అవమానమా? హైదరాబాదు పంపిణీదారుడు ముఖవిలువలో నలభై శాతం, ఒక్కోసారి అంతకు మించి అడుగుతాడు. పట్టాకు కమీషను లేదు.

చివరిగా చట్టం చెప్పే మాట. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ఖర్చుతో, పుస్తకం వెలువడిన 30 రోజులలోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని నిర్ణీత గ్రంథాలయాలకు ఒక్కొక్కటి పంపాలి. స్వయంగా వేసుకున్నవాడే ఇక్కడ ప్రచురణకర్త. వెయ్యి ప్రతులు వేసి ఈ నాలుగు పంపనివారు నాకు చాలామంది తెలుసు. వందేళ్ళ తరువాత మన ఊరి చెరువుల గురించి వెదికే విద్యార్థికి మంచం క్రింది తొమ్మిదివందలు దొరకవు, చెదలు తింటాయి. పంపిన ఆ నాలుగే దొరుకుతాయి.

కనుక రచయిత మిత్రులారా, ఈసారి ఎవరైనా "వెయ్యి వేయండి, చవక" అంటే, ఆ వెయ్యి ఇళ్ళ పేర్లు వ్రాసి ఇమ్మని అడగండి. అతడు ఎన్ని పేర్లు వ్రాయగలిగితే అన్ని వేయించండి. మిగిలిన డబ్బు రెండవ పుస్తకానికి దాచుకోండి.