దారి తప్పినవారి గంట

ఈ శీర్షికను క్రమం తప్పక చదివే మిత్రులు కొందరు, "ఎంతసేపూ యంత్రాల సంగతులేనా? ఒకసారి మరేదైనా వ్రాయండి" అని కోరారు. వారి కోరిక మేరకు ఈ మాసం ఒక్కరోజు కాలినడక కథ. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచి వ్రాయడం న్యాయం కాదు.

రెండేళ్ల క్రితం జూన్ మాసంలో, ఫ్రాన్సులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయిని చూడడానికి నేనూ, మా శ్రీమతీ వెళ్లాము. ఆ దేశపు దక్షిణ మధ్య భాగంలో లె పుయ్ అనే పట్టణమున్నది. అక్కడి బిషప్పు గోదెస్కాల్క్ 950-51లో స్పెయిన్‌లోని సాంటియాగో డి కంపోస్టెలాకు యాత్ర చేశాడు. క్రీస్తు శిష్యుడైన యాకోబు సమాధి అక్కడ ఉన్నదని భక్తుల విశ్వాసం. దాదాపు 1,500 కిలోమీటర్ల ఆ బాటలో నేటికీ యాత్రికులు నడుస్తూనే ఉన్నారు. మేము నడిచినది ఒక్క రోజు దూరం: నాస్బినాల్ గ్రామం నుండి సేంట్ షెలీ వరకు, 17 కిలోమీటర్లు. 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన భాగాలలో ఇదొకటి.

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లం, ఇదెంత అనుకున్నాము. కాని అలిపిరిలో మెట్లే దారి చూపుతాయి, ముందూ వెనుకా గోవింద నామస్మరణ వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ ఓబ్రాక్ పీఠభూమి అంతా పచ్చికబయలు. చెట్టు అరుదు, మనిషి మరీ అరుదు. కాటుక దిద్దినట్లు కళ్లచుట్టూ నల్లని వలయాలున్న గోధుమవన్నె ఆవులు మేస్తుంటాయి. యాత్రికుడు పచ్చికబయళ్ల కంచె తలుపులు తీసుకొని లోనికి వెళ్లి, మరల వేసి సాగాలి. రాళ్లమీదా గుంజలమీదా తెలుపు, దాని క్రింద ఎరుపు, ఈ రెండు రంగుల పట్టీలే దారికి గుర్తు.

రెండు గంటలు నడిచామో లేదో పొగమంచు కమ్మింది. పది అడుగుల అవతల ఏమున్నదో తెలియదు. కొంతసేపటికి మా శ్రీమతి, "ఏమండీ, గుర్తు కనబడి చాలాసేపయింది. వెనక్కి వెళ్దామండీ" అన్నది. "ముప్పై ఏళ్లు ఇంజనీరుగా పనిచేసినవాడికి దిక్కులు తెలియవా?" అని నేను ముందుకే నడిచాను. మరొక పావుగంటకు ఒక రాతిమీద అవే రెండు రంగులు కనిపించాయి. అయితే పట్టీలుగా కాదు, ఇంటూ గుర్తుగా. 'ఇది దారి కాదు' అని దాని అర్థం. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అది మరింత బాధించింది. వెనుదిరిగి, ఆఖరుసారి గుర్తు చూసినచోటికి చేరడానికి అరగంట పైగా పట్టింది.

మధ్యాహ్నానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉన్న ఓబ్రాక్ గ్రామం చేరాము. సుమారు 1120లో అదలార్ అనే ప్రభువు ఇక్కడ యాత్రికులకోసం సత్రం కట్టించాడు. మంచు కమ్మినప్పుడు గంట మ్రోగించి బాటసారులను పిలిచేవారు. దానికి 'దారి తప్పినవారి గంట' అని పేరు. ఫ్రెంచి విప్లవకాలంలో సత్రం మూతపడినా, దాని చర్చి నిలిచే ఉన్నది. సత్రపువారు చేసిన పనిని నేడు మరొక విధంగా చేస్తున్నవారు ఆ రంగు గుర్తులు వేసే స్వచ్ఛంద సేవకులు. మంచి దారి చూపడమే కాక, ఎవరో ఒకరు తప్పుదారి పట్టగలరని ముందే ఊహించి, అక్కడకూ వచ్చి ఒక గుర్తు వేసిపోయారు.

చర్చి నీడలో కూర్చున్నప్పుడు పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. ఒక రాత్రి షిఫ్టులో ఒక యువ టెక్నీషియన్, "సార్, ఇది మనం తిప్పవలసిన వాల్వు కాదేమో" అన్నాడు. నేను వినలేదు. అతడన్నదే నిజమైంది. దైవవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు, సగం షిఫ్టు ఉత్పత్తి మాత్రం పోయింది. లాగ్‌బుక్కులో నేను వ్రాసినది 'సాంకేతిక లోపం' అని. అతడు చెప్పాడనీ, నేను వినలేదనీ వ్రాసి ఉంటే, తరువాత ఆ పనికి వచ్చినవారికి అదొక ఇంటూ గుర్తుగా ఉపయోగపడేది.

అక్కడినుండి సేంట్ షెలీకి దారి ఐదువందల మీటర్ల దిగుడు. మోకాళ్లు మొరపెట్టుకున్నాయి. సాయంత్రం విశ్రాంతి గృహంలో అలిగో వడ్డించారు: మెదిపిన బంగాళాదుంపలలో తాజా ఛీజు కలిపిన ముద్ద, గరిటె ఎత్తితే తీగలా సాగుతుంది. శాకాహారానికి ఏమి చేయాలా అని దిగులుపడిన మా శ్రీమతి రెండుసార్లు వడ్డించుకున్నది. అప్పుడు ఆమెకు వాల్వు సంగతి చెప్పాను. "ఆ అబ్బాయికి చెప్పారా?" అని మాత్రమే అడిగింది.

తిరిగి వచ్చాక అతనికి ఉత్తరం వ్రాశాను. నేడు అతడు మరొక యూనిట్‌లో అధికారి. జవాబులో ఆ రాత్రి ప్రస్తావన లేదు. తన షిఫ్టులో క్రొత్తగా చేరినవారు సందేహం వెలిబుచ్చితే పని ఆపి వింటానని మాత్రం వ్రాశాడు.

వచ్చే మాసం మరల యంత్రాల సంగతులు.