తప్పు పిల్లలదా, పుస్తకానిదా?

ఏజెన్సీ పిల్లలకు చదివే అలవాటు లేదన్న మాట మాకు కొత్త కాదు. ప్రతి వేసవి శిక్షణలోనూ ఎవరో ఒకరు మైకు పట్టుకుని ఆ మాట అంటారు. మేము, అంటే గూడెం బడుల్లో పాఠం చెప్పే ఆదివాసీ ఉపాధ్యాయులం, వెనక వరసలో కూర్చుని వింటాం. ఈమధ్య ఒకచోట ఆ మాటకు తోడు సినిమాలు కూడా వేశారు. 1940లలో అమెరికాలో బడి పిల్లల కోసం తీసిన చిన్న చిన్న నలుపు తెలుపు చిత్రాలు. గ్రంథాలయాన్ని ఎలా వాడుకోవాలి, పుస్తకం ఎలా చదవాలి అని చెప్పేవి. చూడండి, ఎనభై ఏళ్ల కిందటే వాళ్లు ఎంత చక్కగా నేర్పుకున్నారో అన్నారు. మేమూ చూశాం. చూశాం కాబట్టే రాస్తున్నాం.

ఎస్క్వైర్ పత్రిక నడిపిన డేవిడ్ స్మార్ట్ అనే ఆయన కరోనెట్ అనే సంస్థ పెట్టి ఇలాంటివి వందల్లో తీయించాడు. 16 ఎం.ఎం. రీలు. ‘నో యువర్ లైబ్రరీ’, ‘హౌ టు రీడ్ ఎ బుక్’ వంటివి ఆ కోవలోవే. ఈ చిత్రాల్లో కథ దాదాపు ఒక్కటే. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పిల్లవాడికి ఏదో తెలియదు. గ్రంథాలయానికి వెళ్తాడు. కార్డుల సొరుగు లాగుతాడు, నంబరు చూస్తాడు, అర దగ్గరికి నడుస్తాడు, పుస్తకం దొరుకుతుంది. లోపం ఎప్పుడూ పిల్లవాడిదే. వాడు దారి నేర్చుకుంటే చాలు, పుస్తకం మాత్రం వాడి కోసమే అక్కడ కాచుకుని ఉంటుంది. అందులో తను ఉన్నాడా లేడా అని వాడు ఎన్నడూ వెతుక్కోడు. వెతుక్కునే అవసరం వాడికి రాలేదు.

ఇంగ్లీషులో ‘మేము’కీ ‘మనము’కీ ఒకటే మాట. అందుకే ఆ చిత్రాల్లో వ్యాఖ్యాత ‘మన గ్రంథాలయం’ అంటున్నాడో ‘మా గ్రంథాలయం’ అంటున్నాడో తేలదు. చరిత్ర చూస్తే తేలుతుంది. 1961 మార్చి 27న మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరంలో టూగలూ కాలేజీకి చెందిన తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు ముందుగా తమకు కేటాయించిన గ్రంథాలయానికి వెళ్లి, అక్కడ దొరకవని తెలిసిన పుస్తకాలు అడిగారు. తర్వాత తెల్లవాళ్ల గ్రంథాలయానికి వెళ్లి కూర్చుని చదవడం మొదలుపెట్టారు. పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. కార్డుల సొరుగు ఎలా లాగాలో ఆ తొమ్మిది మందికీ తెలుసు. తెలిసి ఏం లాభం?

ఆ నంబర్ల సంగతి కూడా చెప్పాలి. 1876లో మెల్విల్ డ్యూయీ తయారుచేసిన ఆ పద్ధతిలో మతానికి 200 నుంచి అంకెలు. వాటిలో సింహభాగం క్రైస్తవానికే పోయింది, లోకంలోని మిగతా మతాలన్నీ చాలాకాలం 290లో ఇరుక్కుని కూర్చున్నాయి. జానపద కథలకు 398. మా సమ్మక్క కథ అచ్చయితే దాన్ని ఎక్కడ పెడతారు? దేవతగా చూస్తే ఒకచోట, కట్టుకథగా చూస్తే ఇంకోచోట. ఆ నిర్ణయం చేసేవాళ్లలో మేడారం గద్దె ముందు బెల్లం పెట్టినవాళ్లు ఎంతమంది ఉంటారు?

పాత చిత్రాలన్నీ ఒకే రకమని మేము అనడం లేదు. మాకు వేయని చిత్రం ఒకటుంది. ‘ది చిల్డ్రన్ మస్ట్ లెర్న్’, 1940లో విలార్డ్ వాన్ డైక్ తీశాడు. కెంటకీ కొండల్లో సారం కోసుకుపోయిన నేల, ఆ నేలను నమ్ముకున్న కుటుంబం, చాలీచాలని తిండి, ఆ ఇంటి పిల్లలు నడిచి వెళ్లే బడి. బడిలో చదివే పుస్తకానికీ ఆ బతుక్కీ ఏ సంబంధమూ లేదు. తప్పు పుస్తకానిదని ఈ చిత్రం చెబుతుంది. స్లోన్ ఫౌండేషన్ డబ్బుతో కెంటకీ విశ్వవిద్యాలయం వాళ్లు, కొండ పిల్లలకు తిండి గురించి, సాగు గురించి కొత్త వాచకాలు రాసి ప్రయోగం చేసిన రోజులవి. ఓడను చూడని పిల్లలకు ‘ఓ అంటే ఓడ’ అని చెప్పేవాళ్లం మేము. మేము చూసిన వాచకాల్లో ‘ఇ’ దగ్గర ఇల్లు ఉంది, ఇటుక ఉంది, ఇప్ప లేదు. కాబట్టి ఆ చిత్రం చూస్తే ఇది మన బడే కదా అనిపిస్తుంది.

కానీ అదీ సగం దూరమే వచ్చింది. కొత్త వాచకాలు కూడా విశ్వవిద్యాలయం నుంచే దిగాయి. కొండవాళ్లకు ఏం తినాలో చెప్పారు, కొండవాళ్లను ఏం తెలుసని అడగలేదు. అదే కెంటకీలో, అదే కాలంలో, అడిగినవాళ్లు వేరే ఉన్నారు. 1935 నుంచి 1943 దాకా ప్రభుత్వ ఉపాధి పథకం కింద నెలకు 28 డాలర్ల కూలికి ఆడవాళ్లు గుర్రాల మీద, కంచరగాడిదల మీద పుస్తకాలు మోసుకుని వాగులు దాటి ఇళ్లకు చేర్చారు. పుస్తకాలు చాలక, పాత పత్రికల ముక్కలు అతికించి కొత్త పుస్తకాలు కట్టారు. కొండ ఇళ్ల ఆడవాళ్లు తమ వంటలూ, బొంతలు కుట్టే నమూనాలూ రాసిస్తే వాటినీ అందులో చేర్చారు. ఒక ఇంటి వంట ఇంకో వాగు అవతలి ఇంటికి పుస్తకమై వెళ్లింది. మాకు వేసిన సినిమాలన్నిటికంటే ఈ సంగతి విలువైనది.

మాకు చదివే అలవాటు లేదంటారా? డోలీలు పడిగె విప్పి, బొమ్మ వెంట బొమ్మగా కోయల వంశాల కథ చెప్పడం చదవడం కాదా? ఆ విద్యకు 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య 2024లో కన్నుమూశారు. అదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండులు తమ లిపిలో రాసుకున్న ప్రతులు బయటపడ్డాయి, 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అలవాటు లేనివాళ్లు లిపి దేనికి దాచుకుంటారు?

ఇక ప్రయత్నాలంటారా, ఇక్కడా జరిగాయి. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని 1931 నాటికి దాని మీద ఇంగ్లీషులో పుస్తకమే అచ్చు వేయించారు. నిజాం కాలంలో, 1943లో, హైమెండార్ఫ్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టించాడు. గోండి వాచకాలు దేవనాగరిలో వచ్చాయి. తర్వాత తెలుగు మాధ్యమం వచ్చి అవి మూలన పడ్డాయి. మళ్లీ 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, సవర వంటి ఎనిమిది భాషల్లో చదువు మొదలైంది. మాలో కొందరం ఆ తరగతులు చూశాం. ఒకటో తరగతి పిల్లలు తమ మాటను పుస్తకంలో చూసి బిగ్గరగా నవ్వడం, పక్కవాడికి చూపించడం చూశాం. ఆ పిల్లలకు అలవాటు చేయాల్సిన పని ఎవరికీ పడలేదు.

మరి ఇప్పుడు మా బడుల్లో గ్రంథాలయం ఎక్కడుంది? ఇనుప బీరువాలో. తాళం హెడ్మాస్టరు దగ్గర. ఒక్క పుస్తకం పోతే ఛార్జి తీసుకున్న మాస్టారి జీతంలో కోస్తారన్న భయం. ఆ భయం ఉత్తదే కావచ్చు, బీరువా మాత్రం నిజం. చిరిగిన పుస్తకానికి సంజాయిషీ అడుగుతారు, ఏడాదంతా ఎవరూ తెరవని పుస్తకానికి ఎవరూ అడగరు. చదివే అలవాటు మీద ఉపన్యాసం ఇచ్చే పెద్దలు ముందు ఈ లెక్క మార్చాలి. చిరిగినవీ పోయినవీ చదివిన లెక్కలో రాయాలి.

వచ్చే శిక్షణలో సినిమా వేయదలిస్తే వాన్ డైక్ చిత్రం వేయండి. దానికి కోయలో, గోండిలో, సవరలో మాట మేము చెబుతాం. అయితే దాని కోసం కాచుకుని కూర్చోం. కెంటకీ ఆడవాళ్లు చేసిన పని రేపే చేయొచ్చు. బడికో వంద పేజీల తెల్ల నోటు పుస్తకం, జిగురు, దారం కావాలి. ఇప్పపువ్వు ఎన్నాళ్లు ఎండబెట్టాలో, వెదురు ఏ నెలలో కొట్టాలో, ఏ గట్టువాళ్లకు ఏ వేల్పో తాతలూ అమ్మమ్మలూ చెబుతుంటే పిల్లలు రాయాలి. ఇంటి మాట ఇంటి మాటగానే, తెలుగు లిపిలోనైనా సరే. నిండిన పుస్తకాన్ని పక్క గూడెం బడికి పంపి, వాళ్లది తెచ్చుకోవాలి. స్టాకు రిజిస్టరులో దానికి ఒక నంబరు వేయాలి, ధర గడి ఖాళీగా వదలాలి. తనిఖీకి వచ్చినవాళ్లు ఇదేమిటని అడిగితే, గ్రంథాలయం పుస్తకం అని చెప్పాలి.