చీటీ వ్రాసిన చేయి యెవరిది?

పరీక్షామందిరమున నొక బాలుని చొక్కామడతలో చీటీ దొరికినచో, వాని కాగితము లాగికొని, వానిని వెలుపలికి బంపి, న్యాయము జరిగినదని మనము తృప్తి చెందుదుము. ఆ చీటీ వ్రాసిన చేయి యెవరిదని విచారించువారు అరుదు. బాలుడు నిర్దోషియని మే మనుట లేదు. వాని దోషము కడపటిది, మొదటిది పెద్దలది.

2015వ సంవత్సరమున బీహారులోని వైశాలి జిల్లాలో బంధువులు బడిగోడల నెగబ్రాకి కిటికీలలోనుండి చీటీలందించిన దృశ్యమును లోకమెల్ల చూచినది. నాడు మనమును నవ్వితిమి. 2022లో ఆంధ్రప్రదేశమున పదవతరగతి ప్రశ్నపత్రములు వాట్సాప్ మూలమున బయల్వెడలినప్పుడు నిర్బంధింపబడినవారిలో ఉపాధ్యాయులే పలువురు. మరుసటి యేట ఏప్రిలులో తెలంగాణమునందలి తాండూరున తెలుగు ప్రశ్నపత్రమును చిత్రము తీసి పంపినవాడు పరీక్షాకేంద్రమునందలి ఉపాధ్యాయుడేయని పోలీసులు తెలిపిరి. కంచెయే చేను మేసిన వెనుక కావలి యెవరు?

ఉపాధ్యాయుడు ఇట్టి పనికేల యొడిగట్టును? నూటికెందఱు నెగ్గిరను నొక్క లెక్కతోడనే మనము పాఠశాలను కొలుచుచున్నాము. లెక్క పెరిగినచో సన్మానము, తగ్గినచో సంజాయిషీ. ప్రయివేటు పాఠశాలలకు ఆ లెక్కయే ప్రకటన, ప్రకటనయే రాబడి. అయిదవ తరగతిలో చదువరాని బాలుని పదవ తరగతి వఱకు త్రోయుచున్నాము. ఇన్నేండ్లుగా నేర్పనిదానిని తుదకు మూడు గంటలలో చీటీతో పూరింపజూచుచున్నాము.

దీని ఫలము లెవరికి? రాత్రులు మేల్కొని చదివిన పేదబాలుని శ్రమ వ్యర్థమగును. చీటీతో నెగ్గినవాడు పైతరగతిలో మొదటి పాఠముననే తడబడును. 2016లో తెలంగాణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్ష ప్రశ్నపత్రము ముందుగనే బయల్పడగా, ఆ పరీక్ష రద్దై, నిరపరాధులైన వేలకొలది విద్యార్థులు మరల వ్రాయవలసివచ్చెను. అన్నిటికంటె ఘోరమైన ఫలము వేఱొకటి కలదు. తండ్రియు గురువును తోడ్పడగా మోసము చేసి గెలిచిన బాలుడు, రేపు లంచమిచ్చుటకుగాని పుచ్చుకొనుటకుగాని యేల సిగ్గుపడును?

శాసనములకు కొదువ లేదు. ఆంధ్రప్రదేశ శాసనసభ 1997లోనే పరీక్షాక్రమములను నిరోధించు చట్టము చేసినది. 2024లో కేంద్రప్రభుత్వము చేసిన చట్టము, పరీక్షార్థులను గాక, మోసమును నడపువారినే శిక్షింప నుద్దేశించినది. ఈ దృష్టి సరియైనదే. కాని యది ముఖ్యముగ ఉద్యోగ, ప్రవేశపరీక్షలకు సంబంధించినది. బడిపరీక్షను కాపాడవలసినది మనమే. నిజాయితీగా నడపబడిన పాఠశాలలో కొందఱు తప్పినంతమాత్రమున ఉపాధ్యాయుని దండింపరాదు. క్రింది తరగతులలోనే వెనుకబడినవారిని గుర్తించి వారికి వేఱుగ బోధింపవలెను. తప్పినవానికి అదే యేడు మరల వ్రాయు నవకాశము కలదు. పోగొట్టుకొన్న నిజాయితీకి అట్టి రెండవ పరీక్ష లేదు.

తల్లిదండ్రులారా! నేటి సాయంకాలము మీ బిడ్డను మార్కు లెన్నియని యడుగకుడు. పాఠ్యపుస్తకము తెఱచి యొక పుట చదివించి, దాని యర్థము చెప్పుమనుడు. వాడు చెప్పలేనిచో ఆ సంగతి వానితోను వాని గురువుతోను నేడే విచారింపుడు. పరీక్షనాటికి గోడదగ్గఱ నిలువవలసిన యగత్యము మీకు కలుగదు.