నలభై ఫ్రాంకుల పిల్లవాడు

ఫ్రాన్స్‌లో ఓ పల్లెటూరు. అక్కడి పూటకూళ్ల ఇంట్లో ఇద్దరు మగవాళ్లు బేరమాడుకుంటున్నారు. ఒకాయన ముప్ఫై అంటే, రెండో ఆయన నలభై అంటున్నాడు. చివరికి బల్లమీద ఎనిమిది నాణేలు ఖంగున మోగాయి. ఒక్కోటీ అయిదు ఫ్రాంకులు. బేరం కుదిరింది మేకకో గొర్రెకో కాదు... ఎనిమిదేళ్ల పిల్లవాడికి!

ఆ పిల్లవాడి పేరు రెమీ. 1878లో పుస్తకంగా వచ్చిన 'సాన్ ఫామీ' నవలలో కథానాయకుడు. 'నా అన్నవాళ్లు లేకుండా' అని ఆ పేరుకు అర్థం. దాన్ని రాసింది హెక్టర్ మాలో అనే పాత్రికేయుడు.

మాలో 1830 మే 20న సెయిన్ నది ఒడ్డునున్న లా బూయ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి నోటరీ. కొడుకునీ ఆ దారిలోనే పెడదామని న్యాయశాస్త్రం చదివించాడు. మాలో మనసు మాత్రం దస్తావేజుల మీద నిలవలేదు. పత్రికల్లో చేరి నాటకాల మీదా, పుస్తకాల మీదా సమీక్షలు రాశాడు. ఇంగ్లండు జనజీవనం గురించి ఏకంగా ఓ పుస్తకమే తెచ్చాడు. 1859లో మొదటి నవల వెలువడింది. మొత్తం మీద అరవైకి పైగా పుస్తకాలు రాశాడు. వాటిలో చాలావరకు పెద్దవాళ్ల కోసం రాసినవే. లోకం గుర్తుపెట్టుకున్నది మాత్రం పిల్లల కోసం రాసిన రెండు మూడింటినే!

కుక్క ముందు ఓడిపోయి...

రెమీ ఎవరో పారేసుకున్న బిడ్డ. బార్బెరిన్ అనే పేదరాలు కన్నతల్లిలా పెంచుతుంది. పారిస్‌లో కూలికెళ్లి గాయపడిన ఆమె భర్త కోర్టు ఖర్చులకని ఇంట్లో ఉన్న ఒక్క ఆవునూ అమ్మించేస్తాడు. ఓ పండగరోజు ఇరుగుపొరుగుల దగ్గర పాలూ వెన్నా అడిగి తెచ్చి, ఆ తల్లి పిల్లాడికి అట్లు పోయబోతుంది. సరిగ్గా అప్పుడే భర్త దిగబడతాడు. వెన్న కాస్తా ఆయనగారి ఉల్లిపాయ సూపులోకి పోతుంది. ఆ మర్నాడే పిల్లాడూ ఇల్లు దాటిపోతాడు.

కొనుక్కున్న విటాలిస్ ఊరూరా తిరిగే ఆటగాడు. మూడు కుక్కలు, ఓ కోతి ఆయన బృందం. అయితే దుర్మార్గుడు కాదు. చెక్కముక్కల మీద అక్షరాలు చెక్కి రెమీకి చదువు నేర్పుతాడు. పక్కనే కూర్చున్న కాపీ అనే కుక్క రెమీకన్నా ముందే వాటిని గుర్తుపట్టేస్తుంది. కుక్క ముందు ఓడిపోయానన్న సిగ్గుతోనే రెమీకి పట్టుదల వస్తుంది.

ఇదంతా గాల్లోంచి పుట్టిన కథ కాదు. చిన్నపిల్లల్ని ఆటగాళ్లకీ గారడీవాళ్లకీ అప్పజెప్పడం ఆనాడు మామూలే. దాన్ని అడ్డుకోవడానికి ఫ్రాన్స్ 1874 డిసెంబరులో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. అమ్ముడుపోయిన పిల్లాడికి రాత్రి నిద్రెలా పడుతుందో, ఆకలి ఎలా ఉంటుందో చట్టంలో ఉండదు. ఆ లోటు మాలో పూరించాడు. బొగ్గుగనిలోకి నీళ్లు పొంగుకొచ్చి మనుషులు చిక్కుకుపోయే ఘట్టం చదివితే వార్త చదివినట్టే ఉంటుంది.

మొదట ఈ పుస్తకం రాయమని అడిగింది జూల్ వెర్న్ నవలల్ని వేసిన ప్రచురణకర్త హెట్జెల్. 1870లో యుద్ధం వచ్చిపడింది. పని ఏళ్లతరబడి ఆగిపోయింది. చివరికి 'ల సియెకిల్' అనే దినపత్రికలో సీరియల్‌గా వచ్చాకే పుస్తకమైంది. మాలో దాన్ని తన చిట్టితల్లి లూసీకి అంకితమిచ్చాడు.

మన జనపనార కథ

1893లో వచ్చిన 'ఆన్ ఫామీ'కి మన దేశంతో చుట్టరికం ఉంది. ఇందులోని పెరీన్ తండ్రి జనపనార కొనడానికి అప్పటి భారతదేశానికొచ్చి, ఢాకాలో పెళ్లి చేసుకుంటాడు. తల్లిదండ్రులిద్దరూ పోయాక ఆ పిల్ల ఒంటరిగా తాతగారి ఊరు చేరుతుంది. ఎవరో చెప్పకుండా ఆయన జనపనార మిల్లులోనే కూలికి కుదురుతుంది. అక్కడ కూలితల్లులు పసిబిడ్డల్ని వదిలివెళ్లే ఇంట్లో మంటలు రేగి పిల్లలు చనిపోతారు. ఆ తర్వాతే తాతగారి కళ్లు తెరుచుకుంటాయి. కూలీల పిల్లల కోసం శిశుసంరక్షణ కేంద్రం వెలుస్తుంది.

మాలో 1907 జులై 17న కన్నుమూశాడు. ఆయన పిల్లలు మాత్రం ప్రయాణం ఆపలేదు. జపాన్‌లో 1977లో రెమీ, 1978లో పెరీన్ టీవీ కార్టూన్లయి ఎన్నో దేశాల పిల్లల్ని ఏడిపించారు.

ఏడిపించి వదిలేయడం మాలోకు ఇష్టం లేదు. రెమీ, స్నేహితుడు మత్తియా వీధుల్లో పాటలు పాడి పైసాపైసా కూడబెట్టి బార్బెరినమ్మకు ఆవును కొంటారు. ఇంత చిన్నవాళ్లకు ఆవెక్కడిదని దారిలో దొంగతనం అంటగట్టి జైల్లో వేస్తారు కూడా! అయినా ఆవు ఇంటికి చేరుతుంది. ఇంట్లో మళ్లీ పాలు, వెన్న. ఆ రోజు ఆగిపోయిన అట్లు మళ్లీ పెనమెక్కుతాయి.

నలభై ఫ్రాంకులకు తనను పోగొట్టుకున్న ఇంటికి పిల్లవాడు తిరిగి తెచ్చింది అదే!