మెయిల్ పంపడం ఆర్డర్ పని కాదు!

ఫైనలియర్ ప్రాజెక్టుకి పుస్తకాల షాపు సైటో, టికెట్ బుకింగ్ సైటో కడుతున్నారా? అయితే ‘ఆర్డర్ ఖాయం కాగానే కస్టమర్‌కి మెయిల్ వెళ్లాలి’ అనే పని మీ ముందుకి రాక తప్పదు. చాలామంది ఆర్డర్ క్లాసులోనే నాలుగు లైన్లు రాసి, అక్కణ్నుంచే మెయిల్ పంపేస్తారు. డెమోలో బాగానే నడుస్తుంది. జనం వాడటం మొదలెట్టాకే అసలు తలనొప్పి!

ఎందుకంటారా? మెయిల్ సర్వర్ మీ చేతిలో ఉండదు. అది జవాబివ్వడానికి పది సెకన్లు తీసుకుంటే, కస్టమర్ అంతసేపూ తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవాలి. విసుగొచ్చి మళ్లీ బటన్ నొక్కితే రెండో ఆర్డర్ పడొచ్చు. ఇంకో చిక్కు: మెయిల్ వెళ్లాక డేటాబేస్‌లో సేవ్ కాకపోతే? లేని ఆర్డర్‌కి థాంక్స్ చెప్పినట్టే. డబ్బు కట్టినవాళ్లు ఊరుకుంటారా?

అందుకే మొదటి సూత్రం: ఎవరి పని వాళ్లదే. ఆర్డర్ క్లాసు ‘ఆర్డర్ ఖాయమైంది’ అని చాటింపు వేసి ఊరుకోవాలి. విన్నవాళ్లు తమ పని చూసుకుంటారు. 1994లో వచ్చిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ పుస్తకంలో దీని పేరు అబ్జర్వర్ ప్యాటర్న్. రేపు ఎస్సెమ్మెస్ కూడా కావాలంటే వినేవాళ్లలో ఇంకొకర్ని చేర్చండి, చాలు. ఆర్డర్ కోడ్‌ని ముట్టుకోనక్కర్లేదు.

రెండోది ఇంటర్‌ఫేస్. అందులో ‘పంపు’ అనే ఒక్క మెథడ్ ఉంటుంది. దాని వెనక ఎస్‌ఎంటీపీ ఉందా, ఏదైనా కంపెనీ ఏపీఐ ఉందా అన్నది మిగతా కోడ్‌కి అనవసరం. టెస్టింగ్‌లో దాని స్థానంలో మెయిల్ పంపకుండా జాబితాలో రాసుకునే ఉత్తుత్తి క్లాసు పెట్టుకోవచ్చు. లేదంటే టెస్టు మెయిల్స్ నిజమైన కస్టమర్లకి వెళ్లే ప్రమాదముంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. చాటింపు విన్న క్లాసు అప్పటికప్పుడే మెయిల్ పంపితే పాత చిక్కే మళ్లీ మొదటికొస్తుంది. అది చేయాల్సింది ఒక్కటే. ఆర్డర్ సేవ్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే, ‘ఈ మెయిల్ పంపాలి’ అని వేరే టేబుల్‌లో రాసిపెట్టాలి. దీన్ని ఔట్‌బాక్స్ అంటారు. ఉంటే రెండూ ఉంటాయి, లేకపోతే రెండూ ఉండవు. వెనకాల నడిచే వర్కర్ ఆ టేబుల్ చూసి ఒక్కొక్కటే పంపుతుంది. కస్టమర్ ఎదురుచూడాల్సిన పని లేదు.

మెయిల్ వెళ్లకపోతే? ఎస్‌ఎంటీపీ సర్వర్ ఇచ్చే జవాబు నంబర్ చూడండి. 4తో మొదలైతే తాత్కాలిక ఇబ్బంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. 5తో మొదలైతే ఆ మెయిల్‌ని అదేపనిగా పంపొద్దు, కారణం రాసుకుని ఆపేయాలి. ఇంకో సంగతి. మెయిల్ పంపాక, ‘పంపేశా’ అని రాసుకునేలోపు వర్కర్ ఆగిపోతే అదే మెయిల్ రెండోసారి వెళ్తుంది. దీన్ని పూర్తిగా ఆపడం కష్టం. కాబట్టి మెయిల్‌లో ఆర్డర్ నంబర్ స్పష్టంగా ఉండాలి. రెండోది చూసినా కస్టమర్ కంగారు పడరు.

ఆఫర్ల మెయిల్స్‌ని మాత్రం వేరే రకంగా ఉంచండి. రోజుకి 5,000కు పైగా మెయిల్స్ పంపేవాళ్లకి జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి రూల్స్ బిగించింది. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఉండాలి. ప్రచార మెయిల్స్‌లో ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలుండాలి. ఆఫర్లు వద్దన్నవాళ్లకి కూడా ఆర్డర్ మెయిల్ మాత్రం అందాలి కదా!

మీ డిజైన్ పాసా ఫెయిలా తేల్చుకోవాలంటే చిన్న పరీక్ష. మీ లాప్‌టాప్‌లో టెస్టు మెయిల్ సర్వర్‌ని ఆపేసి ఒక ఆర్డర్ పెట్టండి. ఆర్డర్ వెంటనే ఖాయమై, సర్వర్ లేచాక మెయిల్ దానంతటదే వస్తే పాసైనట్టే. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే, ముందు ఈ సంగతే చెప్పండి.