కంప్లైంట్ రాయడం కూడా పనే!

వార్షికోత్సవ సంచిక అనగానే అమ్మ మీద కవితలు, హాస్టల్ కష్టాలు ఎక్కువగా వస్తాయి. ఈ హాస్టల్ పాత విద్యార్థులమైన మేము ఈసారి కంప్యూటర్ గురించి రాస్తున్నాం. పేజీ తిప్పేయకండి, ఇందులోనూ కష్టాలున్నాయి.

బడంగ్‌పేట్ నుంచి బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో కోర్సులు నేర్చుకున్నాం, సర్టిఫికెట్లు తెచ్చుకున్నాం. ఇంటర్వ్యూలో "నువ్వు సొంతంగా చేసిన పని చూపించు" అంటే మాత్రం నోరు పెగల్లేదు. అలా చూపించుకోవడానికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను మించిన చోటు లేదని ఇప్పుడు అనుకుంటున్నాం. దాని కోడ్ ఎవరైనా చదవచ్చు, సరిచేసి పంపవచ్చు. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ అలాగే పెరిగింది. మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నదీ అదే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ విద్యార్థులను కలుపుకొని లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది.

"మాకు కోడ్ రాదు కదా అన్నా" అంటారు తమ్ముళ్లు. తప్పు ఎక్కడుందో చెప్పడానికి కోడ్ రానక్కరలేదు. కానీ చెప్పడం రావాలి.

మాలో ఒకడు ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంలో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయని చూసి, "తెలుగు సరిగా రావడం లేదు" అని ఒక్క ముక్క రాసి పంపాడు. ఏ వెర్షన్, ఏ ఫాంట్, ఏం టైప్ చేశావు, ఏం కనిపించింది అని తిరుగు ప్రశ్నలొచ్చాయి. వాడికి కోపం వచ్చింది. అప్పుడు మాకు హాస్టల్ కుళాయి గుర్తొచ్చింది. "నీళ్లు రావట్లేదు" అని రాస్తే ప్లంబర్ వచ్చి కింది అంతస్తు కుళాయి తిప్పి, వస్తున్నాయి కదా అని వెళ్లిపోయాడు. పైఅంతస్తు, మూడో కుళాయి, పొద్దున ఆరు గంటలకు అని రాశాకే పని జరిగింది. బగ్ రిపోర్టూ అంతే. అవతలివాడు తన కంప్యూటర్ మీద అదే తప్పును మళ్లీ చూడగలగాలి.

వాడు రెండు రోజులు కూర్చుని, వచ్చిన ఇంగ్లీషులోనే అన్నీ రాసి, ఫైలు జతచేసి పంపాడు. గ్రామర్ చూసి ఎవరూ నవ్వలేదు. తీరా చూస్తే అదే తప్పును ఇంతకు ముందే ఇంకొకరు చెప్పారట. వీడి ఫైలును ఆ పాత రిపోర్టుకే కలిపారు. ఇంకా సరికాలేదు.

2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం ఒక రకంగా టైపై వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడేవి. ఆ కోడ్ బయటివాళ్లకు కనబడదు కాబట్టి, ఆపిల్ ఆ నెలలోనే సరిచేసేదాకా అందరూ ఆగాల్సి వచ్చింది. తెలుగులో తప్పులు తెలుగు చదివేవాళ్లకే ముందు కనబడతాయి. కోడ్ తెరిచి ఉన్నచోట కూడా మనం నోరు మెదపకపోతే ఎవరు చెబుతారు?

పెద్ద కంపెనీలు లాభపడే పనిని పేదపిల్లలు ఊరికే ఎందుకు చేయాలని ఒక అన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇంటికి డబ్బు పంపాల్సినవాడు ముందు జీతం చూసుకోవాలి. 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ లాంటి వాటిలో ఈ పనికే స్టైపెండ్ ఇస్తారు, ఎంపికైతే. మిగతావాళ్లకు వారానికో గంట చాలు.

మా దగ్గర ఒక పాత లాప్‌టాప్ ఉంది. బ్యాటరీ నిలవదు, ప్లగ్ దగ్గరే కూర్చోవాలి. సెలవు రోజు హాస్టల్‌కు తెస్తాం. మీకు కనబడిన తప్పును ముందు తెలుగులోనే కాగితం మీద రాసి ఉంచండి, ఇంగ్లీషు సంగతి కలిసి చూద్దాం.