సత్యభామ ఋణము

సిద్ధేంద్రయోగి 17వ శతాబ్దమువాడని పెద్దలు చెప్పుదురు. ఆయన సృజించిన భామాకలాపములోని సత్యభామ తెరమీదుగా జడ వేసి నేటికిని మన వేదికలపై ప్రగల్భముగా ప్రవేశించుచున్నది. సంతోషమే! కాని యామెను మన దినములదాక కొనితెచ్చిన వారెవరు?

కూచిపూడి భాగవతులని సభాధ్యక్షులు సెలవిత్తురు. నిజమే. పురుషులే స్త్రీవేషము ధరించి వారా కళను నిలిపిరి. అయితే మన గోదావరి సీమలో, ముమ్మిడివరము వంటి యూళ్లలో, సత్యభామను స్త్రీలే యాడిరి. వారు కళావంతులు. వారి పేరెత్తుటకు మాత్రము సభలవారికి నోరు రాదు!

మేము చట్టములు చదివి బ్రతుకువారము. మద్రాసు శాసనసభ 1947లో దేవదాసీ సమర్పణమును నిషేధించెను. ఆ దురాచారము నశించుట ధర్మమే. అందు మాకు రెండవ మాట లేదు. కాని యా చట్టమే ఆలయములందును, దేవుని యూరేగింపులందును స్త్రీల నృత్యమును గూడ నిషేధించెను. కలుపుతోబాటు పైరును బెఱుకుట సేద్యమగునా? పిమ్మట నాట్యము గృహస్థుల బిడ్డలకు గౌరవవిద్య యయ్యెను. దానిని తరతరములుగా గాపాడిన స్త్రీల పేరు మాత్రము గుమ్మము వెలుపలనే నిలిచిపోయెను.

అమలాపురము, రాజోలు, కొత్తపేట సభలవారిని మేము కోరునది దానము కాదు, ఋణవిమోచనము. భామాకలాపమాడించు ప్రతి వేదికపైనను కళావంతులను స్మరింపుడు. వారి పాటలను, అభినయరీతులను గ్రంథాలయములు వ్రాయించి భద్రపఱచుగాక! సత్యభామ యభిమానవతి. తన్ను బ్రతికించిన స్త్రీలను మఱచిన సభలో ఆమె యెంతసేపు నిలుచును?